ల్యాప్‌టాప్ లేవనంటే... ముందు ఎక్కడ ఆగిందో చూడండి

బస్తర్‌లో మన బ్యాంకు పని చాలావరకు శాఖ గోడల బయటే జరుగుతుంది. జగదల్‌పూర్ నుంచి 30వ నంబరు జాతీయ రహదారి మీద సుక్మా దాటి, సరిహద్దులోని కొంటా దాకా వెళ్తే దారి పొడవునా పల్లెల్లో జనానికి తెలిసిన బ్యాంకు అంటే బ్యాంకు మిత్ర కూర్చునే గదే. ఒక బల్ల, ఒక ల్యాప్‌టాప్, వేలిముద్ర తీసుకునే చిన్న పరికరం, ఒక ప్రింటరు. ఖాతాలు తెరిచే శిబిరానికి వెళ్లినా, వారపు సంత రోజు రుణాల పని మీద వెళ్లినా మన సంచిలో ఉండేదీ ల్యాప్‌టాపే.

అది లేవకపోతే ఏమవుతుంది? మహతారీ వందన్ పథకం కింద 2024 మార్చి నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అర్హులైన వివాహిత మహిళల ఖాతాల్లో నెలకు 1,000 రూపాయలు జమ చేస్తోంది. ఆ వెయ్యి విలువ ఎంతో ఇక్కడి లెక్కలో చూద్దాం. తునికాకు సేకరణ ధరను 2024లో స్టాండర్డ్ బస్తాకు 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచారు. ఒక స్టాండర్డ్ బస్తా అంటే 50 ఆకుల కట్టలు వెయ్యి, అంటే 50,000 ఆకులు. ఆకుకు 11 పైసలు పడుతుంది. వెయ్యి రూపాయలంటే ఎండలో అడవి తిరిగి కోసిన తొమ్మిది వేల పైచిలుకు ఆకులన్నమాట. ఆ డబ్బు కోసం నడిచి వచ్చిన మనిషికి ‘మెషిన్ లేవట్లేదు, రేపు రండి’ అని చెబితే ఆమెకు ఆ రోజు కూలీ పోతుంది, రేపటి కూలీ కూడా పోతుంది.

నేను హార్డ్‌వేరు చదువుకున్నవాణ్ని కాను. వ్యవసాయ అధికారిగా చేరి, బదిలీ మీద జగదల్‌పూర్ వచ్చినవాణ్ని. తెలుగు తెలిసినవాణ్ని కావడంతో కొంటా, భోపాల్‌పట్నం వైపు తెలుగు మాట్లాడే బ్యాంకు మిత్రలు ఏ ఇబ్బంది వచ్చినా నాకే ఫోన్ చేస్తారు. అలా నేర్చుకున్న పద్ధతిని మన మిత్రులందరితో పంచుకోవాలని ఈ వ్యాసం. పెద్ద రహస్యమేమీ లేదు. ల్యాప్‌టాప్ ‘పని చేయడం లేదు’ అనే మాటను పక్కన పెట్టి, ‘ఎక్కడ ఆగింది’ అని అడగడమే.

తేడా వెతికినట్టే

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. సాయంత్రం లెక్క కలవకపోతే వోచర్లన్నీ ఒక్కసారిగా తిరగేయం. తేడా తొమ్మిదితో భాగించబడుతోందా చూస్తాం. భాగించబడితే 63 బదులు 36 అని ఎక్కడో అంకెలు తారుమారై ఉండొచ్చు. తేడాలో సగం విలువున్న ఎంట్రీ ఏదైనా ఉందా అని చూస్తాం. ఉంటే జమ వైపు పడాల్సింది ఖర్చు వైపు పడి ఉండొచ్చు. తేడాయే దారి చూపిస్తుంది.

ల్యాప్‌టాప్ కూడా అంతే. బటన్ నొక్కిన దగ్గర నుంచి లాగిన్ తెర దాకా అది నాలుగు మెట్లు ఎక్కుతుంది. ఒకటి, కరెంటు అందుకోవడం. రెండు, ప్రాసెసరు, మెమరీ, తెర సరిగ్గా ఉన్నాయో లేదో తనను తాను పరీక్షించుకోవడం. మూడు, విండోస్ ఉన్న డిస్కును వెతికి పట్టుకోవడం. నాలుగు, విండోస్ లేచి, డ్రైవర్లనూ భద్రతా సాఫ్ట్‌వేరునూ తెచ్చుకోవడం. ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే, దాని కింది మెట్లన్నీ బాగున్నట్టే. వాటి జోలికి వెళ్లనక్కర్లేదు.

కిందటి వర్షాకాలంలో ఒక బ్యాంకు మిత్ర ఫోన్ చేసింది.

“సార్, ల్యాప్‌టాప్ చచ్చిపోయింది సార్. బయట ఇరవై మంది ఉన్నారు.”

“లైటు వెలుగుతోందా అమ్మా?”

“వెలుగుతోంది సార్. ఫ్యాన్ కూడా తిరుగుతోంది.”

“తెర మీద ఏమైనా కనబడుతోందా?”

“కంపెనీ బొమ్మ వచ్చింది సార్. తర్వాత నల్ల తెర మీద ఏదో ఇంగ్లీషులో రాసింది. బూట్ డివైస్ లేదంట.”

“పక్కన ఏమైనా గుచ్చి ఉందా?”

ఒక్క క్షణం నిశ్శబ్దం. “పెన్‌డ్రైవ్ ఉంది సార్.”

“అది తీసేసి మళ్లీ ఆన్ చెయ్యి.”

రెండు నిమిషాల్లో ల్యాప్‌టాప్ లేచింది. ఆ యంత్రం డిస్కు కంటే ముందు పెన్‌డ్రైవ్‌లో విండోస్ కోసం వెతికి, దొరక్క అక్కడే ఆగిపోయింది. అంటే మూడో మెట్టు. మూడు ప్రశ్నల్లో తేలిన విషయం ఇది. దీన్నే ఏ బజారు దుకాణానికో తీసుకెళ్తే డిస్కు మార్చాలని చెప్పినా మనం నమ్మేవాళ్లం.

ఇప్పుడు ఒక్కో మెట్టూ చూద్దాం.

మొదటి మెట్టు: లైటే వెలగడం లేదు

బటన్ నొక్కినా లైటు, ఫ్యాన్ చప్పుడు ఏమీ లేకపోతే కరెంటు దారిని గోడ నుంచి మొదలుపెట్టి చూడాలి. ఆ ప్లగ్గులోనే మొబైల్ ఛార్జరు పెట్టి చూడండి. తర్వాత అడాప్టరు. దానికి రెండు ముక్కల వైరుంటే మధ్య జాయింటు వదులైందేమో గట్టిగా నొక్కండి. అదే మోడలుకు సరిపోయే వేరే అడాప్టరు శాఖలో ఉంటే పెట్టి చూడండి. వోల్టేజీ, వాట్లు కలవని అడాప్టరు వద్దు.

చాలా అడాప్టర్ల మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. కాబట్టి లో-వోల్టేజీని అవి చాలావరకు తట్టుకుంటాయి. తట్టుకోలేనిది, పోయిన కరెంటు తిరిగి వచ్చేటప్పుడు ఎగిసిపడే వోల్టేజీనీ, పిడుగు దెబ్బనూ. ఉరిమేటప్పుడు ప్లగ్గు తీసేసి బ్యాటరీ మీద పని చేసుకోవడం ఉత్తమం.

అడాప్టరు బాగున్నా లేవకపోతే ఒక చిట్కా ఉంది. అడాప్టరు తీసేయండి. విడదీయగలిగే బ్యాటరీ అయితే అదీ తీయండి. పవర్ బటన్‌ను అర నిమిషం పాటు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన విద్యుత్తు దిగిపోతుంది. తర్వాత అడాప్టరు పెట్టి ఆన్ చేయండి. చచ్చిపోయిందనుకున్న యంత్రాలు ఎన్నో ఇలా లేచాయి.

ఒక హెచ్చరిక. కీబోర్డు మధ్యలో ఉబ్బినట్టున్నా, మూత సరిగ్గా మూతపడకపోయినా, టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోయినా బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అలాంటిదాన్ని ఛార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు. అది మంట అంటుకునే వస్తువు. ఆపేసి, పక్కన పెట్టి, సర్వీసుకు రాయండి.

రెండో మెట్టు: లైటు ఉంది, తెర నలుపు

ముందుగా యంత్రం నిజంగా ఆగిందా, తెర మాత్రమే ఆగిందా తేల్చుకోవాలి. క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా? అయితే లోపల యంత్రం నడుస్తోంది. విండోస్ మొదలయ్యే చప్పుడు వినబడినా అంతే. అప్పుడు శాఖలోని డెస్క్‌టాప్ మానిటరును దీనికి కలపండి. అందులో బొమ్మ వస్తే లోపం తెరదే. ఆ రోజుకి ఆ మానిటరుతోనే పని నడిపించవచ్చు. మానిటరు లేని పల్లెలో మొబైల్ టార్చిని తెర మీద ఏటవాలుగా వేసి చూడండి. మసక మసకగా బొమ్మ కనిపిస్తే తెర వెనక వెలుగు మాత్రమే పోయిందని అర్థం.

యంత్రం ‘బీప్ బీప్’ అంటున్నా, ఏదైనా లైటు లెక్కగా మిణుకుతున్నా అది సంకేతం. మెమరీకి ఒక లెక్క, ప్రాసెసరుకు ఒక లెక్క ఉంటాయి. కంపెనీ కంపెనీకీ ఇవి మారతాయి కాబట్టి అర్థం మనకు తెలియనక్కర్లేదు. ఎన్నిసార్లు మోగింది, ఎన్నిసార్లు మిణికింది అని లెక్కపెట్టి రాసుకుంటే చాలు. హెల్ప్‌డెస్క్‌కు అది పెద్ద ఆధారం.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన ప్రాంతానికి ఇంకో సమస్య ఉంది. ఏసీ గదిలోనో ఏసీ వాహనంలోనో చల్లబడిన ల్యాప్‌టాప్‌ను తేమ గాలిలోకి తెచ్చి వెంటనే ఆన్ చేస్తాం. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద చెమట పట్టినట్టే లోపల సర్క్యూట్ల మీద కూడా నీటి ఆవిరి పేరుకుంటుంది. అరగంట సంచిలోనే ఉంచి, వేడి సమానమయ్యాక తీయండి. వానకు తడిసిన ల్యాప్‌టాప్‌ను ‘పని చేస్తుందో లేదో చూద్దాం’ అని ఆన్ చేయకండి. నీళ్ల కంటే, నీళ్లున్నప్పుడు పారే కరెంటే దాన్ని ఎక్కువగా పాడుచేస్తుంది.

మూడో మెట్టు: కంపెనీ గుర్తు దగ్గర ఆగింది

గుర్తు వచ్చిందంటే కరెంటు, మెమరీ, తెర దాదాపు బాగున్నట్టే. బయట గుచ్చినవన్నీ తీసేయండి. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, వేలిముద్ర పరికరం, ప్రింటరు, డాంగిల్ అన్నీ. తర్వాత మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ డిస్కు దొరకలేదంటే ఆన్ చేసిన వెంటనే ఎఫ్2, ఎఫ్10, ఎస్కేప్, డిలీట్‌లలో ఆ కంపెనీ పెట్టిన మీటను వరసగా నొక్కి, సెట్టింగుల తెరలోకి వెళ్లవచ్చు. అక్కడ చూడాల్సింది ఒక్కటే: డిస్కు పేరు కనిపిస్తోందా? కనిపిస్తే విండోస్ దెబ్బతిని ఉండవచ్చు. కనిపించకపోతే డిస్కు గానీ దాని కనెక్షను గానీ పోయి ఉండవచ్చు. చూసి, ఏమీ మార్చకుండా బయటికి వచ్చేయండి. ఎందుకో కింద చెబుతాను.

పాత యంత్రాల్లో తిరిగే డిస్కులుంటాయి. అందులోంచి ‘టిక్ టిక్’ మని చప్పుడు వస్తుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయవద్దు. ప్రతి ప్రయత్నంలోనూ అందులోని సమాచారం మరికొంత పోవచ్చు.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తోందా? చాలా యంత్రాల్లో గడియారాన్ని నడిపే చిన్న బటన్ బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయిందన్నమాట. తేదీ తప్పితే, వెబ్‌సైటు సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజరు ఆపేస్తుంది. మనం నెట్ లేదనో సర్వరు డౌన్ అనో అనుకుంటాం. ముందు తేదీ, సమయం చూడండి.

నాలుగో మెట్టు: విండోస్ దగ్గర చక్రం తిరుగుతోంది

ఇక్కడ మొదటి మందు ఓపిక. అప్‌డేట్ జరుగుతోందని, ఆపవద్దని తెర మీద రాసి ఉంటే గంట పట్టినా ఆగాలి. మధ్యలో బటన్ నొక్కి ఆపితే చిన్న సమస్య పెద్దదవుతుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. విండోస్‌లో ‘షట్‌డౌన్’ చేసినప్పుడు చాలా యంత్రాలు పూర్తిగా ఆగవు. తొందరగా లేవడం కోసం కొంత భాగాన్ని డిస్కులో దాచుకుని పడుకుంటాయి. ‘రీస్టార్ట్’ చేసినప్పుడే అంతా కొత్తగా మొదలవుతుంది. అందుకే నిన్నటి చిక్కు షట్‌డౌన్‌తో పోకపోయినా రీస్టార్ట్‌తో పోవచ్చు.

అసలు లోపలికే వెళ్లకపోతే, రెండు మూడుసార్లు వరుసగా లేవలేకపోయిన విండోస్ తనంతట తానే మరమ్మతు తెర చూపిస్తుంది. అందులో ‘ట్రబుల్‌షూట్’, తర్వాత ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ నొక్కితే ‘స్టార్టప్ రిపేర్’ ఉంటుంది. మన ఫైళ్ల జోలికి పోకుండా లేచే దారిని సరిచేసే ప్రయత్నం అది చేస్తుంది. అది కుదరకపోతే ‘స్టార్టప్ సెట్టింగ్స్’ ద్వారా సేఫ్ మోడ్‌లోకి వెళ్లవచ్చు. అందులో విండోస్ తనకు తప్పనిసరైన వాటితో మాత్రమే లేస్తుంది. సేఫ్ మోడ్‌లో బాగా లేచిందంటే విండోస్ బాగానే ఉంది, తర్వాత వచ్చి చేరినదేదో అడ్డుపడుతోంది. కొత్త డ్రైవరో, కొత్త అప్‌డేటో, కొత్త ప్రోగ్రామో. బ్యాంకు యంత్రమైతే ఈ పనులు హెల్ప్‌డెస్క్ వారిని ఫోన్‌లో ఉంచుకునే చేయాలి.

నీలి తెర వస్తే భయపడవద్దు. కొత్త విండోస్ 11లో అది నల్లగా ఉంటుంది. అందులోని కోడును ఫోటో తీసుకోండి. ఆ తెర ఎక్కువ సేపు నిలవదు.

ఈ నాలుగో మెట్టు ఎంత దూరం వెళ్లగలదో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ ఫైలులోని లోపంతో విండోస్ యంత్రాలు లేస్తూనే నీలి తెరతో పడిపోయాయి. మన సమయం ప్రకారం ఆ ఫైలు ఉదయం 9.39కి బయలుదేరింది. 10.57కి దాన్ని సరిదిద్దారు. ఆ గంటా ఇరవై నిమిషాల లోపే దాన్ని అందుకున్న యంత్రాలు సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. మన దేశంలో పది బ్యాంకులు, ఆర్థిక సంస్థలకు మాత్రమే స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వు బ్యాంకు ప్రకటించింది.

దీనిలో మనకు పాఠం ఉంది. ఆ 85 లక్షల యంత్రాల్లో ఏ భాగమూ కాలిపోలేదు, ఏ డిస్కూ చెడలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేస్తే లేచేవి. అయినా చాలాచోట్ల రోజులు పట్టింది. ఒక్కో యంత్రం దగ్గరికీ మనిషి వెళ్లాలి. వెళ్లాక అది తాళంచెవి అడిగేది.

48 అంకెల తాళంచెవి

ఆ తాళం పేరు బిట్‌లాకర్. ల్యాప్‌టాప్ పోయినా, దొంగల పాలైనా అందులోని ఖాతాదారుల వివరాలు బయటికి పోకుండా డిస్కు మొత్తాన్ని రహస్య లిపిలోకి మార్చే ఏర్పాటు అది. లేచే దారిలో ఏదైనా మారిందని అనుమానం వస్తే అది ఆగి, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. సెట్టింగుల తెరలో ఏమీ మార్చవద్దని పైన చెప్పింది ఇందుకే. అక్కడ ఒక చిన్న మార్పు చేసినా తర్వాతిసారి ఈ తాళం పడవచ్చు.

ఈ తెర వస్తే ఊహించి కొట్టడానికి వీలుండదు. తెర మీద కనిపించే కీ ఐడీని రాసుకుని ఐటీ విభాగానికి చెబితే, దానికి సరిపోయే 48 అంకెలను వారు రికార్డుల్లోంచి ఇస్తారు. బ్యాంకు మిత్రల సొంత ల్యాప్‌టాప్ అయితే, విండోస్‌లోకి మొదట ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో వెళ్లారో సాధారణంగా ఆ ఖాతాలోనే కీ ఉంటుంది. కొన్న దుకాణంలో కుర్రాడు తన ఈమెయిల్‌తో తెరిచి ఇచ్చి ఉంటే కీ అతని దగ్గరే ఉంటుంది! మీ కింద పనిచేసే బ్యాంకు మిత్రలందరినీ ఈ ఒక్క విషయం ఇవాళే అడగండి. కీని కాగితం మీద రాయించి, ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా ఇంట్లో బీరువాలో పెట్టించండి.

చేయకూడని మూడు పనులు

ఒకటి: తొందరలో ‘రీసెట్ దిస్ పీసీ’ నొక్కడం. అందులో ‘అన్నీ తీసేయి’ అనేది ఎంచుకుంటే ఫైళ్లన్నీ పోతాయి. ‘ఫైళ్లు ఉంచు’ అన్నది ఎంచుకున్నా, మనం వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. వేలిముద్ర పరికరం డ్రైవరు దగ్గర నుంచి అన్నీ మళ్లీ వేసుకోవాలి.

రెండు: బ్యాంకు ల్యాప్‌టాప్‌ను బజారు దుకాణంలో ఇచ్చి రావడం. అందులో రుణ దరఖాస్తులు, ఆధార్ నకళ్లు, ఫోటోలు ఉంటాయి. వాటి కాపలా బాధ్యత 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక మరింత పెరిగింది. అధీకృత సర్వీసు మనిషి శాఖకు వచ్చినా మన కళ్ల ముందే పని జరగాలి. డిస్కు మారిస్తే పాత డిస్కు మన దగ్గరే ఉండాలి.

మూడు: వారంటీ ఉన్న యంత్రం స్క్రూలు విప్పడం.

లైన్లో ఉన్నవారి సంగతి

యంత్రం కంటే ముందు చూడాల్సింది మనుషులను. నేను పెట్టుకున్న నియమం పదిహేను నిమిషాలు. పై నాలుగు మెట్లూ అంత సేపట్లో చూసేయవచ్చు. లేచిందా సరే. లేవకపోతే బయటికి వచ్చి, లైన్లో ఉన్నవారికి నిజం చెప్పాలి. దగ్గరలో ఏ కేంద్రం పనిచేస్తోందో ముందు ఫోన్ చేసి కనుక్కుని, అక్కడ నగదు ఉందని తేలాకే పంపాలి. ఆధార్ ద్వారా డబ్బు తీసుకునే వీలు ఇతర బ్యాంకుల మిత్రల దగ్గర కూడా ఉంటుంది. ముసలివారు, చంటిబిడ్డల తల్లులు మళ్లీ రావాల్సి వస్తే పేర్లు రాసుకుని, రేపు మొదట వారికే ఇవ్వాలి. హల్బీలోనో గోండీలోనో ఆ మాట చెప్పగలిగినవారు ఒకరు పక్కన ఉంటే ఇంకా మంచిది.

చివరగా, హెల్ప్‌డెస్క్‌కు రాసే టికెట్. ‘ల్యాప్‌టాప్ పని చేయడం లేదు, అర్జెంటు’ అని రాస్తే అటువైపు వారు మళ్లీ ఫోన్ చేసి మొదటి నుంచి అడగాలి. ఇలా రాసి చూడండి: ‘అడాప్టరు లైటు ఉంది. కంపెనీ గుర్తు వస్తోంది. బయటి పరికరాలన్నీ తీసేశాం. సెట్టింగుల తెరలో డిస్కు పేరు కనిపించడం లేదు. నిన్న సాయంత్రం కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. ఆస్తి సంఖ్య, ఫోటో జతపరిచాం.’ ఇలా రాస్తే, వచ్చే ఇంజినీరు చేతిలో కొత్త డిస్కుతో బయలుదేరగలడు. జగదల్‌పూర్ నుంచి కొంటా వెళ్లి రావడానికి ఒక రోజు పడుతుంది. ఆ ఆరు వాక్యాలు రాయకపోతే అతను రెండుసార్లు వెళ్లాలి. అన్ని రోజులూ ఆ పల్లెలో బ్యాంకు మూసి ఉన్నట్టే.